సముద్రపు ఒడ్డున నడక, సైకిల్ బాట: పని అడుగు నుంచి మొదలుపెట్టండి

ఒడ్డున బాట వేద్దామని మొదటి మీటింగులో కూర్చున్నప్పుడు మాటలన్నీ పైన కనపడేవాటి గురించే నడుస్తాయి. టైల్స్ ఏ రంగు, బెంచీలు ఎక్కడ, ఊరి పేరు పెద్దక్షరాల్లో ఎక్కడ నిలబెట్టాలి. నేను కాకినాడ అమ్మాయిని. సివిల్ చదివి తీరం పనుల్లోనే సైట్ ఇంజనీరుగా స్థిరపడ్డాను. నేను చూసినంతలో బాటని మోసే ఒడ్డు గోడలు మూడు చోట్ల చెడతాయి: గోడ కాలి కింద ఇసుక పోయి, వెనక మట్టి నీళ్లతో పాటు కారిపోయి, గోడ ఆగిపోయిన చివర్న నీరు చుట్టూ తిరిగి. బాట మీద నడిచేవాళ్లకి ఈ మూడూ కనపడవు. మన డబ్బూ శ్రద్ధా ముందు అక్కడికే వెళ్లాలి. సర్పంచులు, కార్పొరేటర్లు, కొత్తగా ఈ పనిలో దిగిన కుర్ర ఇంజనీర్లు గుర్తుపెట్టుకోవాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు గోడ కావాలా?

మీ ఒడ్డున వెడల్పాటి ఇసుక, దాని వెనక బాలబంది తీగ అల్లుకున్న దిబ్బ, మొగలి పొదలు ఇంకా ఉంటే గోడ కట్టకండి. బాటని దిబ్బ వెనక్కి జరపండి. తుపాను వచ్చినప్పుడు దిబ్బలోని ఇసుకే అలకి ఎదురు నిలుస్తుంది. తర్వాతి నెలల్లో మెల్లగా మళ్లీ ఒడ్డుకి చేరుతుంది. గోడ కడితే కొట్టిన అల వెనక్కి మళ్లుతూ ముందున్న ఇసుకని తవ్వుకుపోతుంది. గోడ నిలుస్తుంది, బీచ్ పోతుంది. వెనకాల ఇళ్లో రోడ్డో ఉండి, జరగడానికి చోటు లేనప్పుడే గోడ దాకా వెళ్లాలి. గోడ అంటే ఇక్కడ వాలుగా పేర్చిన రాళ్ల కట్ట, దాని పైన కాంక్రీటు తల.

ఇంకో సంగతి. మన తీరంలో ఇసుక ఒకచోట కూర్చోదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దాన్ని ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. దారిలో అడ్డం ఏది కట్టినా దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. విశాఖ ఔటర్ హార్బరు వచ్చాక ఆర్కే బీచ్‌కి ఇసుక తగ్గి, పోర్టువాళ్లు డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకని బీచ్‌కి పంపాల్సి వస్తోంది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో రేవు గోడలు కట్టాక ఊరి ముందు ఇసుక పోయింది. రాళ్లు పోస్తూ వెళ్తే కోత ఇంకా ఉత్తరాన ఉన్న జాలరి పల్లెల మీదికి జరిగింది. ఆ తర్వాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీళ్లలో కృత్రిమ రీఫ్ (అల జోరు తగ్గించే, నీటి అడుగు గట్టు) వేశాక ఊరి ముందు కొంత బీచ్ తిరిగొచ్చింది.

మా ఉప్పాడ సంగతి మీకు తెలిసే ఉంటుంది. గోదావరి ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకి అడ్డుగోడలా కాపు కాస్తుంది. దాని కొన దాటాక ఆ కాపు ఉండదు. అలలు ఉప్పాడ, సుబ్బంపేట, కోనపాపపేట ఒడ్డు మీద నేరుగా పడతాయి. అక్కడ ఇసుక నింపిన పెద్ద జియోట్యూబులతో (గుడ్డ గొట్టాలతో) కట్టిన రక్షణ కూడా తుపాన్లకి దెబ్బతింది. గుడ్డ ఒకచోట చినిగితే చాలు, లోపలి ఇసుక మొత్తం జారిపోతుంది. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా ఎలా కోసుకుపోతుందో చూస్తే, ఒడ్డున బాట అంటే అలంకారం పని కాదని అర్థమవుతుంది.

అనుమతుల గురించి క్లుప్తంగా. 2019 జనవరిలో వచ్చిన సీఆర్‌జడ్ (తీరప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం హై టైడ్ లైన్, అంటే పెద్ద పోటుకి నీరు చేరే గీత, ఎక్కడుందో, మీ స్థలం ఏ జోన్‌లోకి వస్తుందో మ్యాపుల్లో ముందే చూసుకోండి. దరఖాస్తు రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ సంస్థ ద్వారా వెళ్తుంది. డిజైన్ అయిపోయాక అనుమతి కోసం పరుగెత్తితే గీసిన బొమ్మలన్నీ మళ్లీ గీయాలి.

ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, తర్వాత బోర్‌హోల్ వేయండి

మట్టి పరీక్షకి బోర్‌హోల్స్ సమానమైన దూరాల్లో వేయడం మామూలు. నేను దానికి ముందు ఒడ్డంతా ఒక పెద్ద జాలరిని వెంటపెట్టుకుని నడుస్తాను. ఒకసారి అలా నడుస్తుంటే ఒక తాత ఆగి, ఇసుక మీద కర్రతో గీత గీసి, "ఇక్కడ మా చిన్నప్పుడు కాలవ కలిసేదండి. పోటు తీసేటప్పుడు నీళ్లు ఇప్పటికీ ఇటే లాగుద్ది" అన్నాడు. పైకి చూస్తే మిగతా ఒడ్డుకీ దానికీ తేడా లేదు. బోర్ వేస్తే ఇసుక కింద మెత్తటి నల్ల బంక మట్టి. అలాంటి చోట రాళ్ల కట్ట బరువుకి దిగబడుతుంది, పైన కాంక్రీటు పగులుతుంది. ఆ మేరకి బంక మట్టి తీసేసి ఇసుక నింపాలి, లేదంటే గోడ బరువు తగ్గేలా డిజైన్ మార్చాలి. పాత కాలవ నోళ్లు, బోట్లు ఎక్కడ ఎక్కిస్తారు, అమావాస్య పోటుకి నీరు ఎంత పైకి వస్తుంది, తుపానుకి ఎక్కడిదాకా వచ్చింది, ఈ నాలుగూ వాళ్ల దగ్గరే తెలుసుకోవాలి.

కొలతలు కూడా ఒక్కసారి తీసి సరిపెట్టుకోవద్దు. ఎండాకాలంలో కొలిచిన ఒడ్డు వేరు, తుపాను వెళ్లాక కొలిచిన ఒడ్డు వేరు. ఏడాది పొడవునా అవే గీతల మీద లెవెల్స్ తీసి, వాటిలో అన్నిటికన్నా కిందకి దిగిన ఇసుకమట్టాన్నే లెక్కలోకి తీసుకోండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

రాయి బరువు, కాలి లోతు

ఒడ్డు దగ్గర అల ఎత్తుని నిర్ణయించేది అక్కడి నీటి లోతే. లోతులో సుమారు ముప్పావు వంతు (లెక్కలో 0.78) దాటి అల లేవలేదు, విరిగిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖలో మామూలు పోటు మీద దాదాపు 1.4 మీటర్ల ఉప్పెన నమోదైంది. మన తీరంలో పెద్ద పోటు, అలాంటి ఉప్పెన కలిస్తే నీరు సగటు సముద్రమట్టం కంటే సుమారు 2 మీటర్లు లేస్తుంది. అలల తోపుడుకి, ముందు ముందు పెరిగే సముద్రమట్టానికి మీరు ఇంకొంత కలపాలి. లెక్క తేలిగ్గా చూపడానికి నేను 2 దగ్గర ఆపుతున్నాను.

గోడ కాలి దగ్గర ఇసుక సగటు మట్టం కంటే 1 మీటరు కింద ఉందనుకుందాం. తుపాను రోజున అక్కడ లోతు 3 మీటర్లు, అల 2.3 మీటర్లు. అలకి ఎంత బరువు రాయి కావాలో చెప్పే హడ్సన్ సూత్రంలో వేస్తే, 1:2 వాలు, గరుకు క్వారీ రాయి రెండు వరసలు, విరిగే అల అన్న లెక్కన ఒక్కో రాయి 2 టన్నులు ఉండాలి. ఇప్పుడు అదే తుపాను కాలి దగ్గర ఇంకో మీటరు ఇసుక తవ్విందనుకోండి. లోతు 4 మీటర్లు, అల 3.1 మీటర్లు. కావలసిన రాయి 5 టన్నులు. ఒక్క మీటరు ఇసుక పోయిందంటే రెండు టన్నుల రాయి సరిపోదు, రెండున్నర రెట్లు కావాలి. సూత్రంలో అల ఎత్తుకి ఘనం ఉండటం వల్ల వచ్చే చిక్కు ఇది. అందుకే టో, అంటే గోడ కాలు, గురించి ఇంత మొత్తుకుంటాను.

గోడ ముందు అల ఎంత ఎత్తు లేస్తుందో ఇసుక కూడా సుమారు అంత లోతుకి తవ్వుకుపోతుందని పని వేళ అంచనా వేసుకోవచ్చు. కాబట్టి టోని ఆ లోతుకి దింపండి. నీళ్లు ఊరి అంత లోతు తవ్వడం కుదరకపోతే టో ముందు అదనపు రాళ్లతో ఏప్రాన్ పరవండి. గోదావరి గట్ల మీద పనిచేసినవాళ్లకి ఇది కొత్త కాదు. కింద ఇసుక పోయినకొద్దీ ఆ రాళ్లు జారి గుంటలోకి దిగి కాలిని కాస్తాయి. ఎస్టిమేట్ తగ్గించమన్నప్పుడు ముందుగా కొట్టేసేది ఈ ఐటమే. కొట్టనివ్వకండి. కావాలంటే రెయిలింగ్, లైట్లు, టైల్స్ తర్వాతి ఏడాది బడ్జెట్లో పెట్టుకోవచ్చు. టోని తర్వాత పెట్టలేం. పెద్ద పని అయితే పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనా కేంద్రంలోనో ఐఐటీ మద్రాసులోనో అలల తొట్టిలో నమూనా పరీక్ష చేయించండి. మొత్తం ఖర్చు ముందు ఆ ఫీజు చిన్నదే.

రాయి ఎంపికలో మన తూర్పు కనుమల సంగతి తెలిసి ఉండాలి. విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఎర్రగా, పొరలు పొరలుగా కనిపించే ఖొండలైటు చాలాచోట్ల లోపలికంటా మగ్గిపోయి ఉంటుంది. ఉప్పు నీళ్లలో పెడితే అంచులు రాలిపోతాయి, రాయి గుండ్రబడి జారిపోతుంది. నల్లగా, దిట్టంగా ఉండే చార్నొకైటు తీసుకోండి. క్వారీలోనే సుత్తితో కొట్టి చూడండి. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులున్నది బొంగురుగా పలుకుతుంది. సాంద్రత 2.6కి తగ్గకూడదు, నీరు పీల్చడం 2 శాతం దాటకూడదు. పలకల్లా పొడుగ్గా ఉన్నవి వద్దు.

టిప్పర్ కాటా మీద తూగేది మొత్తం లోడే, అందులో ఏ రాయి ఎంతో తెలియదు. నేను సైట్లో మూడు రాళ్లు విడిగా తూయించి, ఒకటి డిజైన్ బరువు, ఒకటి అంతకంటే తక్కువ హద్దు, ఒకటి ఎక్కువ హద్దు, తెల్ల పెయింటుతో బరువు రాయించి ప్రొక్లెయిన్ ఆపరేటర్ కళ్లెదురుగా పెట్టిస్తాను. వాటిని చూస్తూ చూస్తూ అతని కన్ను కాటాలా తయారవుతుంది. పై రాళ్లని టిప్పర్ నుంచి గుట్టగా పోయించకండి. గ్రాబ్‌తో ఒక్కొక్కటి పెట్టించాలి. ప్రతి రాయీ పక్కవాటికి కనీసం మూడు చోట్ల ఆనాలి. మేస్త్రి గడ్డపారతో కదిపితే ఊగకూడదు. ఊగే రాయి అల కింద పక్క రాయిని కొట్టుకుంటుంది, రెండూ విరుగుతాయి.

అలని నేరుగా కాచుకునే ఈ పై వరస రాళ్లనే ఆర్మర్ అంటారు. ఈ ఆర్మర్ రాళ్ల కింద వాటి బరువులో పదో వంతు రాళ్ల పొర, దాని కింద క్వారీ చెత్త కోర్, అన్నిటి కిందా జియో టెక్స్‌టైల్ గుడ్డ. ఇసుకని లోపల ఆపి నీటిని బయటికి వదిలేది ఆ గుడ్డే. పొడి చోట 300 మిల్లీమీటర్లు, నీళ్లలో మీటరు మేర ఒక గుడ్డ మీద ఇంకో గుడ్డ పడాలి. టో దగ్గర గుడ్డని రాయి చుట్టూ మడిచి వెనక్కి తిప్పాలి. ఎండలో నెలల తరబడి పరిచి ఉంచితే పొడిబారి చినుగుతుంది, ఏ రోజు పరిచింది ఆ రోజే కప్పించండి. పెద్ద రాయిని గుడ్డ మీద నేరుగా పడేస్తే బొక్క పడుతుంది, ఆ బొక్కలోంచి ఇసుక కారుతుంది, ఏడాదికో రెండేళ్లకో పైన బాట కుంగుతుంది. అప్పుడు అందరూ కాంక్రీటుని తిడతారు.

గోడ తల, వెనకాల నీళ్లు

రాళ్ల కట్ట పైన కాంక్రీటు తలగోడ వస్తుంది. దాని ముఖాన్ని సముద్రం వైపు వంపు తిప్పితే ఎగిరిన నీరు వెనక్కి పడుతుంది. మామూలు రోజుల్లో బాట తడవకూడదు. తుపాను రోజున కాస్త పొర్లినా బాట కొట్టుకుపోకూడదు. రెండిటికీ వేరువేరుగా లెక్క వేయండి. పొర్లకుండా కట్టాలని ఎత్తు పెంచుకుంటూ పోతే, నడిచేవాళ్లకి సముద్రం కనపడదు, వెనకున్న ఇళ్లకి గాలి రాదు.

కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం అల తుంపర పడే చోట ఆర్‌సీసీకి కనీసం ఎం35 గ్రేడు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45 లోపు, కడ్డీ మీద 50 మిల్లీమీటర్ల కవరు. పోటు పాట్ల మధ్య తడిసి ఆరే చోట ఎం40, 0.40, 75 మిల్లీమీటర్లు. స్లాగ్ సిమెంటు వాడండి, ఉప్పు లోపలికి దిగడం తగ్గుతుంది. కవర్ బ్లాకుల బదులు కంకర ముక్కలు పెట్టే అలవాటు ఈ పనిలో అసలు పనికిరాదు. ఒడ్డున బోరు నీళ్లు రుచి చూస్తే బాగానే అనిపిస్తాయి, అయినా క్లోరైడ్ పరీక్ష చేయించకుండా కాంక్రీటులో పోయొద్దు. సముద్రపు ఇసుక సంగతి చెప్పనే అక్కర్లేదు. తెచ్చిన కడ్డీలని దిమ్మల మీద పెట్టి టార్పాలిన్ కప్పించండి. ఇనుమే వద్దనుకునే చోట, ముఖ్యంగా బాట శ్లాబులో, ఇనుము లేకుండా ఫైబర్ కాంక్రీటు వేస్తే తుప్పు గొడవే ఉండదు.

గోడ వెనక వాన నీరు, పొర్లిన నీరు నిలిస్తే ఆ బరువు గోడని సముద్రంలోకి నెడుతుంది. వెనక వైపు కంకర పొర, గుడ్డ, గోడలో 100 మిల్లీమీటర్ల పైపు కన్నాలు మీటరున్నరకి ఒకటి చొప్పున ఉండాలి. ప్రతి కన్నం లోపలి నోటికి గుడ్డ చుట్టారో లేదో మట్టి నింపకముందే చూడండి. ఊరి మురుగు కాలవ గోడ దాటే చోట పోటు నీరు వెనక్కి ఎక్కకుండా, బయటికి మాత్రమే తెరుచుకునే ఫ్లాప్ గేటు పెట్టాలి.

గోడ చివర్న నిటారుగా ఆపేయకండి. అక్కడ అల చుట్టూ తిరిగి పక్కవాళ్ల ఇసుకని కోస్తుంది, తర్వాత గోడ వెనక్కి వస్తుంది. చివరని ఒంపుగా మెరక నేలలోకి తిప్పి పూడ్చండి. ఆ పక్క ఊరివాళ్లతో పని మొదలుపెట్టకముందే మాట్లాడండి. మన గోడ వల్ల వాళ్ల ఒడ్డు కోతకి గురైతే అది మన బాధ్యతే. అక్కడ ఇసుక పోయడానికి డబ్బు మన ఎస్టిమేట్లోనే చూపాలి.

బోట్లు, వలలు, తాబేళ్లు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో బోట్లన్నీ ఒడ్డుకి ఎక్కుతాయి. బోట్లకి ఎంత చోటు కావాలో ఆ నెలల్లో వెళ్లి కొలవండి. మిగతా రోజుల్లో కొలిస్తే సగం కూడా కనపడదు. గోడలో బోటు దారి వదలాలి. ఆ సందులోంచి నీరు నేరుగా ఊళ్లోకి రాకుండా రెండు గోడల చివరలు ఒకదాని ముందుకి ఒకటి వచ్చేలా మలచాలి. గంగమ్మ గుడి ముందు మెట్లు ఇవ్వండి.

పక్కనే చదునైన కాంక్రీటు కనిపిస్తే ఆడవాళ్లు నెత్తళ్లు ఆరబోస్తారు. అది వాళ్ల బతుకు, తప్పు పట్టకూడదు. బాటకి పక్కగా ఎత్తు తిన్నెలు కట్టించి ఇస్తే చేప శుభ్రంగా ఎండుతుంది, సైకిళ్లకీ దారి ఉంటుంది. ఇది డిజైన్లో లేకపోతే మొదటి ఎండకే గొడవ మొదలవుతుంది.

పని చేసే నెలలు ఎంచుకోవడం కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద అలలు. ప్రశాంతంగా ఉండేది సంక్రాంతి తర్వాతే. సరిగ్గా అప్పుడే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. అటవీశాఖ వాళ్లతో కలిసి ముందే గూళ్లు గుర్తించి, రాత్రి పని పూర్తిగా ఆపేసి, ఆ మేరకి గడువు పొడిగించుకోండి. బాట దీపాలు మోకాలి ఎత్తులో, పసుపు రంగులో, నేల వైపే పడేలా ఉండాలి. పిల్ల తాబేలు వెలుతురు ఉన్న వైపు పాకుతుంది. తెల్లటి హైమాస్టు లైటు పెడితే సముద్రం వదిలి రోడ్డు మీదికి వస్తుంది.

చివరగా బాట

రెండు వైపులా సైకిళ్లు తిరగాలంటే 3 మీటర్లు, నడిచేవాళ్లకి కనీసం 2.5 మీటర్లు వదలండి. మనవాళ్లు పొద్దున్నే నలుగురు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు, 1.8 మీటర్ల కాలిబాట వాళ్లకి చాలదు, సైకిల్ దారిలోకి వచ్చేస్తారు. నడిచేవాళ్లు సముద్రం వైపు, సైకిళ్లు ఊరి వైపు. సైకిల్ దారి గోడ అంచునే వస్తే రెయిలింగ్ 1.4 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీ కోసం ర్యాంపు వాలు 1:12 దాటకూడదు. రెయిలింగ్ స్టీలు 304 గ్రేడు తుంపరకి మచ్చలు పడుతుంది, 316 అడగండి.

విడి పేవర్ బ్లాకులు ఒడ్డున వద్దు. పొర్లిన నీరు కింద ఇసుకని లాగేస్తే ఒక బ్లాకు లేస్తుంది, దాని వెనకే వరసంతా లేస్తుంది. పోత కాంక్రీటు శ్లాబు వేసి, పైన చీపురు గీతలు లాగించండి. నున్నటి టైల్స్ మీద ఉప్పు తడి, సన్న ఇసుక కలిస్తే ముసలివాళ్లు జారిపడతారు. శ్లాబుకి రెండు అంచులా కిందికి దిగే దూలం ఇవ్వండి. చాలామంది సముద్రం వైపు ఇచ్చి ఊరి వైపు మానేస్తారు. పొర్లిన నీరు బాట దాటి వెనక వైపు దూకి అక్కడ తవ్వుతుందని మరిచిపోతారు.

శ్లాబు మందం నిర్ణయించేటప్పుడు సైకిల్ బరువు చూడకండి. తుపాను వెళ్లాక జారిన రాళ్లు తిరిగి పెట్టడానికి ఇరవై టన్నుల ప్రొక్లెయిన్ ఆ బాట మీదే నడవాలి. 200 మిల్లీమీటర్లకి తగ్గించొద్దు. కట్ట పొడవునా అక్కడక్కడా ఆర్మర్ రాయి నిల్వ ఉంచండి, క్వారీ లీజు ముగిశాక అదే రాయి మళ్లీ దొరకదు. వానాకాలంలో ప్రతి అమావాస్య పోటు తర్వాత ఒకే చోట నిలబడి ఒకే దిక్కుకి ఫొటోలు తీయించి, టో దగ్గర ఇసుక మట్టం రాయించండి. ఆటోలు, కార్లు రాకుండా పెట్టే బోలార్డులు ఊడదీసి మళ్లీ పెట్టేలా ఉండాలి. ఆ తాళంచెవి పంచాయతీలో ఎవరి దగ్గర ఉంటుందో, వాళ్లు ఊళ్లో లేనప్పుడు ఎవరి దగ్గర ఉంటుందో హ్యాండోవర్ కాగితంలో పేర్లతో సహా రాయించండి.